దైవవాక్కును ఆలకించడం, విధేయత (శ్రీకాకుళం మేత్రాసనం)

దేవుడు పవిత్ర గ్రంథం ద్వారా, శ్రీసభ బోధ ద్వారా, మనస్సాక్షి ద్వారా, రోజూ ఎదురయ్యే సంఘటనల ద్వారా మనిషితో మాట్లాడతాడని కతోలికుల నమ్మకం. ఆ మాటను విని, దాని ప్రకారం నడుచుకోవడమే విశ్వాసమని వారి బోధ. ఈ వ్యాసం ఆ బోధనూ, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోని కతోలికుల ఇళ్లలో, గుళ్లలో అది దినచర్యగా నిలిచిన తీరునూ వివరిస్తుంది. ఈ ప్రాంతమంతా శ్రీకాకుళం మేత్రాసనం పరిధిలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా కూడా పాత రెండు జిల్లాల నుంచి వచ్చినదే కనుక ఇందులోనే చేరుతుంది.

పదాలు, అర్థాలు

తెలుగులో ‘మాట వినడం’ అన్నప్పుడు చెవిన పడటమూ, చెప్పినట్టు చేయడమూ రెండూ ఒకే క్రియలో ఇమిడి ఉంటాయి. ‘మావాడు మాట వినడు’ అంటే విన్నది చేయడని అర్థం. ఉత్తరాంధ్ర పలుకుబడిలో ఇదే ‘సెప్పిన మాట ఇనవేటి?’ అవుతుంది. బైబులు భాషల్లోనూ ఇంతే. హీబ్రూలో ‘షమా’ అనే ధాతువుకు వినడం, లోబడటం అనే రెండు అర్థాలున్నాయి. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఇశ్రాయేలు ప్రజలను ఉద్దేశించి మోషే చేసిన ప్రబోధం ఈ మాటతోనే మొదలవుతుంది. గ్రీకులో విధేయతకు వాడే ‘హుపాకొఎ’లో వినడం అనే ధాతువు ఉంది. లాటిన్ ‘ఒబెదీరె’ కూడా వినడం అని అర్థమిచ్చే ‘ఔదీరె’ నుంచి పుట్టినదే. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 144వ పేరాలో విశ్వాస విధేయతను నిర్వచిస్తూ ఈ లాటిన్ వ్యుత్పత్తినే ఎత్తి చూపింది.

‘విధేయత’ సంస్కృతం నుంచి వచ్చింది. వాడుకలో దానికి ఒకరి చెప్పుచేతల్లో ఉండటమనే ఛాయ అంటుకుంది. పై అధికారికి కింది ఉద్యోగి చూపేది, భూస్వామి ముందు కూలివాడు చూపినది కూడా ఆ పేరుతోనే చలామణి అయింది. కతోలిక బోధలో ఉద్దేశించిన అర్థానికి సంస్కృత పదం కంటే అచ్చ తెలుగు ‘మాట వినడం’ దగ్గరగా ఉంటుంది. బిడ్డ తల్లి మాట వినడంలో భయం కంటే నమ్మకం పాలు ఎక్కువ.

ఈ ప్రాంతంలో కతోలిక గుడిని జనం ‘ఆర్సీఎం’ అంటారు. అది రోమన్ కాథలిక్ మిషన్ అనే పేరుకు పొట్టి రూపం. ప్రొటెస్టంటులు ‘సువార్త’ అనే చోట కతోలికులు ‘సువిశేషం’ అంటారు. దేవునికి ‘సర్వేశ్వరుడు’ అనే పాత పేరు జపాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. యేసు తల్లి మరియమాత, ఆమె భర్త జోజప్ప. మేత్రాసనం అంటే పీఠాధిపతి పాలనలోని ప్రాంతం. దానిలోని ఒక్కో విభాగం ‘విచారణ’. ఆ విచారణకు బాధ్యుడైన గురువు విచారణ గురువు. ఆయనను ఎదురుగా ‘ఫాదర్’ అని పిలుస్తారు.

గ్రంథాధారం, శ్రీసభ బోధ

ఆలకించడానికి నమూనాగా చెప్పే వ్యక్తులు గ్రంథంలో చాలామంది ఉన్నారు. పిలుపు అందుకుని ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరిన అబ్రహాము, రాత్రివేళ తనను పిలిచింది ముసలి యాజకుడు ఏలీ అనుకుని మూడుసార్లు లేచి అతని దగ్గరికి పరుగెత్తిన బాలుడు సమూయేలు, గాలివానలోనూ భూకంపంలోనూ నిప్పులోనూ కాక మెల్లని సవ్వడిలో దేవుణ్ణి గుర్తించిన ఏలీయా వారిలో ముఖ్యులు. సమూయేలు కథలో ఒక అంశాన్ని సత్యోపదేశం చెప్పేవారు తరచు విడిచిపెడతారు. పిలుస్తున్నది దేవుడని గ్రహించింది పిల్లవాడు కాదు, కళ్లు మసకబారిన ఏలీ. వినడానికి మరొకరి సాయం కావాలన్న కతోలిక ధోరణికి బీజం ఈ కథలో ఉంది (చూ. వివేచన).

కొత్త నిబంధనలో మరియమాత అంగీకారం విధేయతకు పరిపూర్ణ దృష్టాంతం. ఆమె దేవదూతను ‘ఇది ఎలా జరుగుతుంది?’ అనే అర్థంలో ప్రశ్నించి, జవాబు విన్న తర్వాతే ఒప్పుకుంది. అందువల్ల ప్రశ్నించడం అవిధేయత కిందికి రాదు. ఈ ఘట్టాన్ని మార్చి 25న మంగళవార్త పండుగగా జరుపుతారు. జోజప్ప సువిశేషాల్లో ఒక్క మాట కూడా పలకడు. కలలో విన్నది నిద్ర లేచి చేస్తాడు. యేసు గెత్సేమని తోటలో తండ్రి చిత్తానికి తనను అప్పగించుకున్న ఘట్టం ఈ బోధ అంతటికీ కేంద్రం. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని పౌలు రోమీయులకు రాసిన లేఖ పదో అధ్యాయంలో చెప్పాడు. విని ఊరుకోకుండా చేసేవారు కావాలని యాకోబు లేఖ హెచ్చరిస్తుంది.

రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న దైవావిష్కరణ మీద ప్రకటించిన ‘దెయి వెర్బుం’ అనే పత్రం ఈ విషయంలో ఆధునిక ప్రమాణం. శ్రీసభ బోధనాధికారం దైవవాక్కు కంటే పైది కాదనీ, దానికి సేవ చేసేదనీ ఆ పత్రం స్పష్టం చేసింది. విశ్వాసులందరూ గ్రంథాన్ని తరచు చదవాలని కోరింది. మహాసభకు ముందు సామాన్య కతోలికుడి చేతిలో జపాల పుస్తకం ఉండేది, బైబులు ఉండటం అరుదు. ఆ తర్వాత తెలుగులో కతోలిక బైబులు అనువాదం, వ్యాఖ్యానం పెరిగాయి. యేసుసభ గురువు పూదోట జోజయ్య రాసిన ‘బైబులు భాష్య సంపుటావళి’ తెలుగు కతోలికులకు గ్రంథాన్ని దగ్గర చేసిన రచనల్లో ప్రముఖమైనది.

ఈ ప్రాంతంలో చరిత్ర

కతోలిక బోధ ఉత్తరాంధ్రలో వ్యవస్థగా నిలదొక్కుకున్నది పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ మిషనరీల రాకతో. ఈ సభను పీటర్ మెర్మియే అనే గురువు 1838లో ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల ప్రాంతంలోని అన్సీలో స్థాపించాడు (అప్పటికది సార్డీనియా రాజ్యంలో భాగం). దాని తొలి మిషనరీలు 1846లో విశాఖపట్నం చేరారు. సెయింట్ జోసఫ్ సభకు చెందిన అన్సీ మఠకన్యలు 1849లో యానాంలో దిగారు. 1850లో విశాఖపట్నం అపోస్తలిక వికారియేటుగా (మేత్రాసనానికి ముందు దశ), 1886లో మేత్రాసనంగా ఏర్పడింది. మొదట్లో దాని విస్తీర్ణం ఊహకు అందనంత పెద్దది. తీరం నుంచి నాగపూరు వరకు ఈ మిషనరీల బాధ్యతే. 1887లో నాగపూరు, 1928లో కటక్ ప్రాంతం విడిపోయాయి.

శ్రీకాకుళం మేత్రాసనాన్ని రెండవ జాన్‌పాల్ పోపు 1993 జూలై 1న విశాఖపట్నం మేత్రాసనం నుంచి వేరుచేసి ఏర్పాటు చేశారు. అంతకుముందు నల్గొండ పీఠాధిపతిగా ఉన్న అద్దగట్ల చిన్న ఇన్నయ్య దీనికి తొలి పీఠాధిపతి. ఆయన 2018లో పదవీ విరమణ చేశారు. 2019 జూలైలో పీమే మిషనరీ సభకు చెందిన రాయరాల విజయకుమార్ నియమితులయ్యారు. 2001లో విశాఖపట్నం అగ్రమేత్రాసనమయ్యాక శ్రీకాకుళం దాని పరిధిలోని మేత్రాసనాల్లో ఒకటైంది.

ఇక్కడి క్రైస్తవుల్లో ప్రొటెస్టంటుల ప్రభావం బలమైనది. బొబ్బిలి, శ్రీకాకుళం, పార్వతీపురం, టెక్కలి వంటి చోట్ల కెనడియన్ బాప్టిస్టు మిషను పంతొమ్మిదో శతాబ్దం నుంచి పని చేసింది. సాలూరు వైపు లూథరనులు వచ్చారు. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు. ఆయన ప్రొటెస్టంటు. బైబులు చేతపట్టుకుని చదివే అలవాటు ఈ నేల మీద ముందుగా వారి ఇళ్లలో పాతుకుంది. కతోలికులు పూజను, జపమాలను, ఉపదేశి నోటి మాటను ఆధారం చేసుకున్నారు.

దైవచిత్తం: సేల్సియన్ విభజన

దేవుని చిత్తం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఈ తీరానికి వచ్చిన మిషనరీల వెంట ఒక ప్రత్యేకమైన జవాబు వచ్చింది. వారి సభకు పేరిచ్చిన ఫ్రాన్సిస్ డి సాల్స్ (1567–1622) జెనీవా పీఠాధిపతి. జెనీవా కాల్విన్ అనుయాయుల చేతిలో ఉన్నందున అన్సీలో నివసించేవాడు. 1616లో వెలువడిన ‘దైవప్రేమ గురించిన గ్రంథం’లో ఆయన దైవచిత్తాన్ని రెండుగా విడదీశాడు. ‘సేల్సియన్’ అనే విశేషణం ఆయన పేరు నుంచి వచ్చినదే.

మొదటిది, ప్రకటితమైన చిత్తం. దేవుడు ముందుగానే చెప్పి ఉంచినది ఇది. పది ఆజ్ఞలు, సువిశేష హితవులు, మనసులో కలిగే ప్రేరణలు ఇందులోకి వస్తాయి. దీనికి మనిషి ఇచ్చే జవాబు ఆచరణ. అబద్ధం ఆడకూడదన్నది దీనికి ఉదాహరణ. అమ్మిన జీడిపిక్కలకు తూకం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి దర్శనం అక్కరలేదు, ఆజ్ఞ ఉంది.

రెండవది, సంఘటనల్లో వెల్లడయ్యే చిత్తం. మన ప్రమేయం లేకుండా జరిగేవాటి ద్వారా తెలిసేది ఇది. దీనికి జవాబు సమర్పణ. ఆయన దీన్ని కాడి కింద మెడ పెట్టినట్టు లొంగడంగా కాక, ప్రేమతో అప్పగించుకోవడంగా వర్ణించాడు.

రెండో భాగాన్ని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో తరాల నాటి కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకూలాయి. ఇలాంటి విపత్తును ఫలానా ఊరి పాపానికి శిక్షగా చెప్పడం కతోలిక బోధ కాదు. యోబు కథ, పుట్టు గుడ్డివాడి విషయంలో యేసు ఇచ్చిన జవాబు రెండూ ఆ తర్కాన్ని తోసిపుచ్చుతాయి. రెండవ జాన్‌పాల్ పోపు 1984లో వెలువరించిన బాధను గురించిన లేఖ కూడా ప్రతి బాధకూ నేరం మూలమనడం సరికాదని వివరించింది. సమర్పణ అంటే చేతులు ముడుచుకోవడం కూడా కాదు. చెట్టు పడిపోవడం మార్చలేనిది. పొరుగువాడి ఇంటి పడిపోయిన పైకప్పు వేయడం మొదటి తరగతికి, అంటే ప్రేమించాలన్న ఆజ్ఞకు చెందుతుంది. ఒకే సంఘటనలో రెండు తరగతులూ కలిసి వస్తాయి. ఏది ఎక్కడ ఆగుతుందో గుర్తించడమే ఈ విభజన ఉపయోగం. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విస్తృతిని ‘దేవుడి రాత’ అని వదిలేయడానికీ, డయాలసిస్ కేంద్రానికి రోగిని వారం వారం తీసుకువెళ్లడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఈ తేడాను ఇంత స్పష్టంగా చూపిన సేల్సియన్ సూత్రం ఇక్కడి విచారణల్లో ఇప్పటికంటే ఎక్కువగా బోధించదగినది.

అదే రచయిత 1609లో ప్రకటించిన ‘భక్తిజీవిత ప్రవేశిక’ గృహస్థుల కోసం రాసినది. గురువుకు, చేతిపని చేసేవాడికి, వితంతువుకు, ఇల్లాలికి భక్తి ఒకే తీరున ఉండదనీ, పనిపాటలు మాని రోజంతా గుడిలో కూర్చునే కార్మికుడి భక్తి గాడి తప్పినదనీ అందులో వాదించాడు. ఉదయం ధ్యానం ముగించి లేచేటప్పుడు, తోటలోంచి నాలుగు పూలు కోసుకుని రోజంతా వాసన చూసుకున్నట్టు, రెండు మూడు ఆలోచనలను వెంట తీసుకుపొమ్మని సలహా ఇచ్చాడు. నాట్లకు వెళ్లే మనిషికి, వల సర్దుకునే మనిషికి సరిపోయే పద్ధతి ఇది. పుస్తకం వెంట ఉండనక్కరలేదు.

ఆలకించే మార్గాలు

పూజలో వాక్కు. ఆదివారం దివ్యపూజలో మూడు పఠనాలు, ఒక కీర్తన ఉంటాయి. మహాసభ తర్వాత 1969లో అమల్లోకి వచ్చిన పఠనావళి ప్రకారం ఆదివారపు పఠనాలు మూడేళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా సువిశేషాలు ప్రధానం. యోహాను సువిశేషం ముఖ్యంగా తపస్కాలం, పాస్కా కాలాల్లో వస్తుంది. సువిశేషం చదివేటప్పుడు అందరూ నిలబడి, నుదుటి మీద, పెదవుల మీద, గుండె మీద బొటనవేలితో చిన్న సిలువలు వేసుకుంటారు. తలలోకి ఎక్కిన మాట నోటికి, గుండెకు చేరాలన్నది దాని భావం. అంతకుముందు శతాబ్దాల తరబడి పూజ లాటిన్‌లో సాగేది. తెలుగులో ప్రసంగం ఒక్కటే జనానికి అందేది.

భాష ఇక్కడ చిన్న విషయం కాదు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవాడు. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు. ఆయన కృషికి మతసభలతో సంబంధం లేకపోయినా, అర్థం కాని భాషలో చెప్పినది వినడం కాదన్న సంగతిని ఈ జిల్లాకు నేర్పినది ఆయనే. సీతంపేట, పార్వతీపురం కొండల్లోని సవర, జాతాపు కుటుంబాలకు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలకు గ్రాంథికపు తెలుగులో ఉన్న జపాలు రెండో భాషలో విన్నట్టే ఉంటాయి. గురువు ప్రసంగంలో వాడుక భాష వాడతాడు, జపాల్లో ‘మీ రాజ్యము’, ‘మీ చిత్తము’ వంటి పాత రూపాలు నిలిచిపోయాయి. పెద్దలకు ఆ రూపాల మీద మమకారం ఉంది. చిన్నపిల్లలు అర్థం తర్వాత తెలుసుకుంటారు.

ఉపదేశి. విచారణ గురువు ఒక ఊళ్లో ఉంటాడు. ఆయన కిందనే చుట్టుపక్కల అనేక గ్రామాలుంటాయి. ప్రతి ఊరికీ ప్రతి ఆదివారం ఆయన చేరలేడు. ఆ ఖాళీని పూడ్చేది ఉపదేశి. ఆదివారం జనాన్ని కూడగట్టి వాక్యం చదివేవాడు, పిల్లలకు సత్యోపదేశం చెప్పేవాడు, జ్ఞానస్నానానికి, వివాహానికి సిద్ధం చేసేవాడు, జబ్బు మనిషి దగ్గర జపం చెప్పి గురువుకు కబురు పంపేవాడు అతడే. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. ఇంకో రకంగా చెప్పాలంటే, చదవడం రానివారు ప్రతి పదిమందిలో సుమారు నలుగురు. వారికి దైవవాక్కు కంటికి కాక చెవికే అందుతుంది. ఉపదేశి ఎలా చదివితే అలా. విరామం తప్పు చోట పెట్టినా, పేరు తడబడినా అర్థం మారిపోతుంది. అందుకే ఉపదేశుల శిక్షణలో బిగ్గరగా చదవడం ఒక పాఠం.

ఉపదేశికి దక్కే జీతం స్వల్పం. చాలాచోట్ల సొంత పొలమో కూలిపనో చేసుకుంటూనే ఈ పని చేస్తాడు. ఊరికి అతని జీవితం తెరిచిన పుస్తకం కనుక, చదివిన వాక్యానికి అతని నడవడికే మొదటి వ్యాఖ్యానం. పోపు ఫ్రాన్సిస్ 2021 మే 10న ‘అంతీకువుం మినిస్తేరియుం’ అనే పత్రంతో ఉపదేశి సేవను గృహస్థులకు ఇచ్చే స్థిరమైన పరిచర్యగా గుర్తించారు. అదే ఏడాది జనవరిలో పఠన పరిచర్యను అధికారికంగా స్త్రీలకు కూడా తెరిచారు. పల్లె గుళ్లలో ఆడవాళ్లు పఠనాలు చదవడం అంతకు చాలాముందే మొదలైంది. ఈ వ్యవస్థ చరిత్ర రాయవలసి వస్తే ఉత్తరాంధ్రలో గురువుల పేర్లకంటే ఉపదేశుల పేర్లే ఎక్కువ నిండాలి. వాటిలో అధిక భాగం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఇంటి జపం. రాత్రి భోజనానికి ముందో తర్వాతో కుటుంబం కలిసి జపమాల చెప్పుకోవడం కతోలిక గృహాల్లో పాత అలవాటు. యాభై మంగళవార్త జపాల మధ్య క్రీస్తు జీవిత ఘట్టాలను తలచుకుంటారు. తెల్లవారి, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పే త్రికాల జపం మరియమాత ఆలకించి అంగీకరించిన ఘట్టాన్నే మూడు పూటలా గుర్తు చేస్తుంది. మే, అక్టోబరు నెలల్లో మరియమాత పేరిట ఇల్లిల్లూ తిరిగి జపమాల చెప్పే ఆచారం తెలుగు విచారణల్లో ఉంది. చిన్న క్రైస్తవ సమూహాలు అనే పేరుతో కొన్ని కుటుంబాలు ఒక ఇంట కలిసి, వాక్యం చదివి, కాసేపు మౌనంగా ఉండి, ఎవరికి తట్టింది వారు చెప్పుకుంటాయి. పన్నెండో శతాబ్దంలో రెండవ గిగో అనే సన్యాసి నాలుగు మెట్లుగా చెప్పిన దివ్యపఠనం – చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దైవసన్నిధిలో నిలిచిపోవడం – వీటికి మూలరూపం.

ఆత్మపరిశోధన. పడుకునే ముందు రోజును వెనక్కి తిరిగి చూసుకోవడం ఇది. లొయోలా ఇగ్నేషియసు (1491–1556) దీనికి స్పష్టమైన క్రమం ఇచ్చాడు. కృతజ్ఞత, వెలుగు కోసం ప్రార్థన, గంట గంటకూ జరిగినదాని పరిశీలన, క్షమాపణ, రేపటి సంకల్పం. దీనికి సంస్కార రూపం పాపసంకీర్తనం. అందులో విన్నదాన్ని గురువు ఎవరికీ, ఏ కారణం చేతా వెల్లడించరాదు.

విధేయత: ఎవరికి, ఎంతవరకు

కతోలికుడి నిత్యజీవితంలో విధేయతకు కనీస హద్దులు శ్రీసభ కట్టడల్లో ఉన్నాయి. ఆదివారాల్లో, అప్పు పండుగల్లో (తప్పక పాటించవలసిన పండుగల్లో) పూజలో పాల్గొనడం, ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం, పాస్కా కాలంలో సత్ప్రసాద స్వీకారం, ఉపవాస నియమాల పాటింపు, శ్రీసభ అవసరాలకు తోడ్పాటు అనేవి ఐదు. విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాస దినాలు. ఉపవాసం 18 నిండినవారి నుంచి 59 నిండేవరకు, మాంసవర్జన 14 నిండినవారికి వర్తిస్తాయి. రోగులకు, ఇంకా తగిన కారణమున్నవారికి మినహాయింపు ఉంది.

గురువులు తమ పీఠాధిపతికి విధేయత వాగ్దానం చేస్తారు. మఠకన్యలు, సన్యాస సభల సభ్యులు పేదరికం, బ్రహ్మచర్యాలతో పాటు విధేయతను వ్రతంగా స్వీకరిస్తారు. 1983 నాటి శ్రీసభ చట్టస్మృతి 601వ నిబంధన ప్రకారం ఈ వ్రతం సభ నియమావళికి లోబడి ఆజ్ఞాపించే పెద్దలకే వర్తిస్తుంది. తమ మనసులోని విషయాలను చెప్పాలని కింది సభ్యులను పెద్దలు ఏ విధంగానూ ఒత్తిడి చేయరాదని 630వ నిబంధన నిషేధించింది. గృహస్థుల విషయంలో 212వ నిబంధన ఆధ్యాత్మిక పెద్దల మాటను క్రైస్తవ విధేయతతో స్వీకరించాలంటూనే, శ్రీసభ మేలు కోసం తమ అభిప్రాయాన్ని చెప్పే హక్కునూ, కొన్నిసార్లు బాధ్యతనూ గుర్తించింది.

మానవ అధికారానికి చూపే విధేయతకు అంతిమ హద్దు అపోస్తలుల కార్యముల ఐదో అధ్యాయంలో ఉంది. యేసు పేరున మాట్లాడవద్దన్న యూదుల ధర్మసభకు పేతురు, తోటి అపోస్తలులు మనుషులకంటే దేవునికి లోబడవలసి ఉందని జవాబిచ్చారు. తల్లిదండ్రుల ఆజ్ఞ, యజమాని ఆజ్ఞ, ప్రభుత్వ ఆజ్ఞ, చివరికి గురువు మాట కూడా పాపానికి పురికొల్పితే కట్టివేయదు. నిశ్చయంగా పలికే మనస్సాక్షి తీర్పును మనిషి అనుసరించి తీరాలని సత్యోపదేశం అంటుంది. అదే సమయంలో మనస్సాక్షి పొరపడవచ్చు కనుక దానికి శిక్షణ ఇవ్వడం జీవితకాలపు పని అంటుంది.

ఈ హద్దులను పల్లె విచారణల్లో కట్టడలంత తరచుగా చెప్పరు. అది లోటే. పెద్దల మాట కాదనకూడదన్న మర్యాద బలంగా ఉన్న సమాజంలో, విధేయత పేరుతో నోరు మూయించడం సులువు. ముఖ్యంగా పిల్లలకు, యువతులకు, కింది స్థాయి సేవకులకు కాదనే హక్కు ఉందని ముందే చెప్పి ఉంచాలి. గురువులు, సన్యాస సభల సభ్యుల వల్ల జరిగే లైంగిక దుర్వినియోగాన్ని, ఆ ఫిర్యాదులను కప్పిపుచ్చడాన్ని పీఠాధిపతికి తెలియజేసే విధానాన్ని పోపు ఫ్రాన్సిస్ 2019 మేలో ప్రపంచమంతటా తప్పనిసరి చేశారు. ఫిర్యాదు చేసినవారిని మౌనంగా ఉండమని కట్టడి చేయరాదని ఆ శాసనం చెబుతుంది.

వివేచన

మనసులో వినిపించినదంతా దేవుని మాట కాదు. కోరిక, భయం, అలవాటు కూడా అదే గొంతుతో మాట్లాడతాయి. వాటిని వేరుచేయడాన్ని వివేచన అంటారు. 1548లో పోపు ఆమోదం పొందిన ఇగ్నేషియసు ‘ఆధ్యాత్మిక సాధనలు’ ఇందుకు ప్రధాన గ్రంథం. మనసు కుంగి ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దన్నది అందులో అందరికీ పనికొచ్చే సూత్రం. స్పెయిను దేశపు కార్మెల్ సన్యాసి సిలువ యోహాను (1542–1591) దర్శనాలను, స్వరాలను వెతుక్కోవడం మీద గట్టి హెచ్చరిక చేశాడు. దేవుడు చెప్పవలసినదంతా క్రీస్తులో చెప్పేశాడన్నది ఆయన వాదం. వ్యక్తిగత దర్శనాలు శ్రీసభ ఆమోదం పొందినా విశ్వాస సంగ్రహంలో భాగం కావని సత్యోపదేశం 67వ పేరా చెబుతుంది. అసాధారణమైన ప్రేరణ కలిగితే ఒప్పుకునేముందు ఆత్మగురువును సంప్రదించమని ఫ్రాన్సిస్ డి సాల్స్ సలహా.

ఆచరణలో ఇవి మామూలు ప్రశ్నల రూపంలో వస్తాయి. కూతురికి వచ్చిన సంబంధం, మఠంలో చేరతానన్న పిల్ల కోరిక, పొలం అమ్మాలా వద్దా, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలో ఎవరు ముందు మాట్లాడాలి. జవాబు కోసం బైబులు కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడ్డ వాక్యాన్ని ఆజ్ఞగా తీసుకోవడం కొందరి అలవాటు. కతోలిక సంప్రదాయం దాన్ని వివేచనగా అంగీకరించదు. ప్రార్థన, కారణాల తులనం, అనుభవజ్ఞుల సలహా, నిర్ణయం తర్వాత మనసులో నిలిచే శాంతి అనేవి దానికి గుర్తులు.

సామూహిక వివేచనకు ఇటీవలి ఉదాహరణ 2021 అక్టోబరులో మొదలై 2024 అక్టోబరులో ముగిసిన సహగమన సినడు. ప్రపంచంలోని మేత్రాసనాలన్నింటినీ తమ విశ్వాసుల మాట వినమని కోరిన ప్రక్రియ ఇది. అంతవరకు వినడం విశ్వాసుల వంతు, చెప్పడం పెద్దల వంతు అన్నట్టు సాగిన అలవాటును ఇది కొంతైనా తిరగేసింది.

ఇరుగుపొరుగు మతాల మధ్య

ఈ జిల్లాల్లో క్రైస్తవులు చాలా తక్కువ సంఖ్యలో ఉన్నారు. ఒకే ఇంటిపేరు, ఒకే రక్తసంబంధం ఉన్నవారిలో కొందరు హిందూ గుడికి, కొందరు ఆర్సీఎంకి వెళ్తారు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి, ఊరి గ్రామదేవత పండక్కి చుట్టాలు పిలిచినప్పుడు ఏం చేయాలన్నది కతోలిక కుటుంబానికి ఏటా వచ్చే ప్రశ్న. మొదటి ఆజ్ఞ ప్రకారం ఆరాధనలో పాల్గొనరాదు. నాలుగో ఆజ్ఞ ప్రకారం అమ్మానాన్నలను గౌరవించాలి. అన్య మతాల్లోని సత్యమైన, పవిత్రమైన అంశాలను శ్రీసభ తిరస్కరించదని 1965 అక్టోబరు 28 నాటి ‘నోస్త్రా ఎతాతే’ ప్రకటించింది. చుట్టాల ఇంటికి వెళ్లడం, కలిసి భోంచేయడం, మొక్కుబడిలో మాత్రం చేరకపోవడం చాలామంది పాటించే మధ్యేమార్గం. 1969లో భారత పీఠాధిపతుల కోరికపై ఆమోదం పొందిన పన్నెండు అనుసరణలు – నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, హారతి మొదలైనవి – పూజను ఈ నేలకు దగ్గర చేశాయి.

వలసలో

రెండు జిల్లాల నుంచీ పని కోసం వెళ్లేవారు ఎక్కువ. విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై కట్టడాల్లో కూలీలుగా, గుజరాత్ తీరంలోని వెరావల్‌లో పడవల మీద పనివారుగా నెలల తరబడి ఉంటారు. ఆదివారం పూజ కట్టడ వారికి తరచు తప్పుతుంది. పనిలో సెలవు ఉండదు, ఉన్నా గుడి దూరం, చేరినా అక్కడి భాష వేరు. తీవ్రమైన కారణం వల్ల పూజకు వెళ్లలేనప్పుడు ఆ కట్టడ ఉల్లంఘన కాదని బోధ. చట్టస్మృతి 1248వ నిబంధన అలాంటి చోట కుటుంబంగానో గుంపుగానో కలిసి ప్రార్థించమని సూచిస్తుంది. ఇంట్లో ఉన్న భార్య ఫోన్లో జపమాల మొదలుపెడితే అటు చివర కూలీల గదిలో భర్త సగం జపం అందుకుంటాడు. ఆమె మంగళవార్త మొదటి సగం చెబుతుంది, అతడు రెండో సగం పలుకుతాడు. మధ్యలో సిగ్నల్ పోతే, పోయిన చోటునుంచే మళ్లీ మొదలుపెడతారు.